కుట్టేసిన పుస్తకాలు చెడిపోయాయన్నారు

కొత్తగా లైబ్రరీ కొలువుల్లో చేరిన పిల్లలూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. సెలవు చీటీ తప్ప ఇంతవరకు ఏమీ రాసినదాన్ని కాదు. మా లైబ్రేరియన్ మేడం ఫోన్ చేసి, "అక్కా, రిటైరయినోల్లందరు ఏదో ఒకటి రాస్తాండ్లు, నువ్వు గూడ రాయరాదు" అన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. మొన్న ఒక కొత్త పిల్ల ట్రైనింగుకు పోతున్నానని చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. వాళ్లకిచ్చిన కాగితం చూపించింది. లైబ్రరీలోంచి తీసేయాల్సిన పుస్తకాలు ఏవేవి అని అందులో రాసి ఉంది. కుట్టు వేసి బాగుచేసినవి అనే మాట ఇంకా అందులో అట్లనే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే కూర్చున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది వరంగల్ కాశిబుగ్గ. నేత ఇల్లు. బడి మానేసి కండెలు చుట్టినదాన్ని. తర్వాత లైబ్రరీలో ఊడ్చే పనికి కుదిరి, అటెండరుగా రిటైరయ్యాను. ఊడ్చేటప్పుడు బల్లల కింద ఊడిన పేజీలు దొరికేవి. తెగిన పోగు కనబడితే మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ల చేయి ఊరుకోదు. ఆ పేజీలు ఏ పుస్తకానివో వెతికి, ఇంటి నుంచి దబ్బనం తెచ్చి కుట్టడం మొదలుపెట్టాను. అప్పటి లైబ్రేరియన్ సారు చూసి, ఏమీ అనకుండా మరుసటి రోజు నా ముందు ఇంకో కట్ట పెట్టారు. అట్లా అది నా పనయింది. నూలు దారానికి మైనం రాసి, ముడి లోపలికి పోయేలా కుట్టి, మైదా జిగురు పూసి, వీపు మీద గుడ్డ ముక్క అంటించి, ఇటుకల కింద ఆరబెట్టేదాన్ని. పిల్లల పుస్తకాలకైతే రెండు వరసలు కుట్టాలి. వాళ్లు పుస్తకాన్ని ఒకవైపు పట్టుకుని లాక్కుంటారు కాబట్టి.

నేను ఇంకా కొలువులో ఉండగా ఇట్లాంటి ట్రైనింగే ఒకటి మా లైబ్రరీలో పెట్టారు. హాలు పెద్దది, ఫ్యాన్లు తిరుగుతాయి, అదే కారణం. పుస్తకాలు ఎట్లా సమకూర్చుకోవాలి, ఎట్లా కాపాడుకోవాలి అని ఫ్లెక్సీ కట్టారు. నర్సంపేట దిక్కు నుంచి, పరకాల దిక్కు నుంచి, చాలా చోట్ల నుంచి కొత్తవాళ్లు వచ్చారు. చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక సారు వచ్చారు. కుర్చీలు వేసేది, చాయ్ ఇచ్చేది నేను. ఆ సారు చెడ్డవాడు అని నేను అనను. చాయ్ ఇచ్చిన ప్రతిసారీ థాంక్స్ చెప్పేవారు. మాటలు బాగా చెప్పేవారు. అన్ని మాటలు బాగా చెప్పేవాళ్లకు ఎదుటివాళ్ల మాట వినడానికి టైం దొరకదేమో.

మొదటి రోజు మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుని ముచ్చట్లు పెట్టుకుంటుంటే ఒక పిల్ల కిటికీ దగ్గర నిలబడి మా బీరువాలనే చూస్తోంది. బువ్వ డబ్బా మూత తీయలేదు.

"ఏం బిడ్డా, తింటలేవు?" అన్నాను.

"తింటా పెద్దమ్మా. ఇన్ని పుస్తకాలు ఒక్కతాన ఎప్పుడు చూడలే, గందుకే చూస్తాన."

"మరి మీ తాన ఎన్నున్నయ్?"

"మా తాన పేపరే. అది గూడ ఒక్కరోజు ఆలస్యంగ వస్తది."

ఆమెది ఏటూరునాగారం అవతల అడవిలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక చిన్న గదికి గ్రంథాలయం అని బోర్డు పెట్టి, ఆమెను తాత్కాలికంగా తీసుకున్నారు. గదిలో రెండు రేకుల బీరువాలు ఉన్నాయి, వాటిలో పుస్తకాలు లేవు. ఇప్పుడు మేడారం జాతర వస్తోంది కాబట్టి కట్టెలు, టార్పాలిన్లు, గుంజలు పెట్టుకోవడానికి ఆ గది కావాలని అడుగుతున్నారట. తనిఖీకి మనిషి వస్తాడు, పుస్తకాలు లేని గదిని లైబ్రరీ అని ఎట్లా అంటారు అని అక్కడివాళ్లు ఇప్పటినుంచే నవ్వుతున్నారట.

"ఒక్కసారి సామాను పెట్టినంక మల్ల తీస్తరా పెద్దమ్మా? జాతర అయినంక గుంజలు యాడికి పోతయ్? గా గదిలనే ఉంటయ్. నేను ఇంటికి పోత. గా పోరగాండ్లు, గా ఆడోల్లు రోజు వచ్చి పేపరే తిరగేసి తిరగేసి చదువుతరు. గాల్లకు ఏం చెప్పాలె?"

ఆ మధ్యాహ్నం క్లాసులో సారు పుస్తకాలు మూడు విధాలుగా సమకూర్చుకోవచ్చని చెప్పారు. కొనడం, ఎవరైనా ఇస్తే గిఫ్టుగా తీసుకోవడం, మార్పిడి, అంటే ఒకటి ఇచ్చి ఇంకోటి తెచ్చుకోవడం. "ముందు మీ ఊరివాళ్లను అడగండి. వాళ్లకు ఏం కావాలో రాసుకోండి. అవే తెప్పించండి. రీడరే మనకు దేవుడు" అన్నారు. నేను చాయ్ గ్లాసులు తీస్తూ విన్నాను. మాట బాగుంది అనిపించింది.

ఆ పిల్ల లేచి నిలబడింది. "సార్, అడిగిన. రాసిన. పంపిన. రాలే."

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వారు. "ప్రొసీజర్ ఉంటుందమ్మా. బడ్జెట్ రావాలి. వచ్చే ఏడాది ఇండెంట్‌లో చూద్దాం."

"వచ్చే ఏటికి రూమే ఉండదు సార్."

"అది నా సబ్జెక్ట్ కాదమ్మా, కూర్చో."

ఆమె కూర్చుంది. దేవుడి సంగతి అంతటితో అయిపోయింది.

మరుసటి రోజు ప్రాక్టికల్. చేనులో కలుపు తీసినట్టే బీరువాల్లో పనికిరానివి తీసేయాలని సారు చెప్పారు. అందులో తప్పేమీ లేదు. పురుగు పట్టినవి, తడిసి బూజు పట్టినవి పోవాల్సిందే. వెనక బీరువాలో చెదలు తిన్నవి ఉంటే నేనే చూపించాను. కానీ ఆయన అందరికీ పంచిన కాగితంలో, చిరిగినవి, పురుగు పట్టినవి అని రాసిన చోటే కుట్టు వేసి బాగుచేసినవి అని కూడా రాసి ఉంది. పైగా పిల్లలకు హుషారు రావాలని దాన్ని పందెం చేశారు. ఏ బ్యాచ్ ఎక్కువ తీస్తే ఆ బ్యాచ్ గెలిచినట్టు.

ఇంక చూసుకోండి. చెదలు పట్టిందా లేదా తెలియాలంటే పుస్తకం తెరవాలి. లోపలి సంగతి పాతబడిందా లేదా తెలియాలంటే చదవాలి. కుట్టు పడిందా లేదా తెలియడానికి ఏమీ అక్కర్లేదు. పుస్తకం వీపు చూస్తే చాలు, నా గుడ్డ ముక్క కనబడుతుంది. అందరూ ఆ గుడ్డ ముక్కల మీద పడ్డారు. "అరేయ్, ఈ బీరువ మాది, ఇటు రాకుండ్రి" అని ఒక బ్యాచ్, "మాకు ఇటుదిక్కు ఇంకా మస్తుగ దొరుకుతానయ్" అని ఇంకో బ్యాచ్. చేపలు పట్టినట్టు పట్టారు. పిల్లల కథల పుస్తకాలు, మందుల చెట్ల పుస్తకం, కోళ్ల పెంపకం పుస్తకం, ఆడవాళ్లు వరస పెట్టుకుని తీసుకుపోయే నవలలు. జనం ఎక్కువ చదివినవే చిరుగుతాయి. చిరిగినవే నేను కుట్టాను. అంటే జనం ఎక్కువ చదివే పుస్తకాలన్నీ నేల మీద కుప్ప పడ్డాయి. ఎవరూ ముట్టని పుస్తకాలు బీరువాల్లో పెళ్లికొడుకుల్లాగా నిలబడ్డాయి.

నేను ఆగలేకపోయాను. సారు దగ్గరికి పోయాను.

"సార్, గవి నేనే కుట్టిన. గట్టిగున్నయ్. కావాల్నంటె గుంజి చూడుండ్రి."

"గట్టితనం గురించి కాదమ్మా. రిపేర్ అయింది అంటే డ్యామేజ్ అయిందని అర్థం. మంచి కలెక్షన్‌లో డ్యామేజ్ బుక్ ఉండకూడదు."

"నా కాలు ఇరిగి అతుక్కున్నది సార్. గా కాలుతోనే మీకు చాయ్ తెస్తాన. నన్ను గూడ తీసేస్తరా?"

పిల్లలు ఘొల్లున నవ్వారు. సారు ముఖం కొంచెం ఎర్రబడింది. "అమ్మా, నువ్వు చాయ్ సంగతి చూడు" అన్నారు.

మా మేడం నన్ను పక్కకు లాగింది. ఆమె మంచిదే, కానీ పై నుంచి వచ్చినవాళ్లంటే ఆమెకు భయం. "అక్కా, జర ఊకో. మూడు రోజుల ముచ్చట. వాల్లు పోతరు, మనం ఉంటం."

"మనం ఉంటం మేడం, పుస్తకాలు ఉండయ్" అన్నాను.

అప్పుడు ఆ అడవి దిక్కు పిల్ల సారు ముందుకు వచ్చింది. "సార్, తీసేసినయి మాకియ్యరాదు? మా బీరువలు ఖాళీగనే ఉన్నయ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? ఇక్కడ వద్దన్నవి అక్కడ కావాలంటున్నారు. ఒక ఆటో మాట్లాడి పంపిస్తే అయిపోతుంది.

సారు తల అడ్డంగా ఊపారు. "ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి ట్రాన్స్‌ఫర్ చేయాలంటే పై నుంచి పర్మిషన్ రావాలి. అది ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. రద్దు చేశాక అయితే అవి పుస్తకాలే కావు."

"మరేంది సార్?"

"కాగితం. వేస్ట్ పేపర్. రద్దు ముద్ర కొట్టి, లైబ్రరీ ముద్ర ఉన్న మొదటి పేజీ చింపేసి, చిత్తు కాగితాల దుకాణానికి పంపేస్తాం. అంతే. ఈరోజే హాలు ఖాళీ కావాలి."

ఆ పిల్ల నేల మీది కుప్పను చూస్తూ నిలబడింది.

సారు నన్ను పిలిచి మొదటి పేజీలు చింపమన్నారు. మీరే చెప్పండి, నేను కుట్టిన పుస్తకాన్ని నా చేత్తో చింపాలట. "నాకు చెయ్యి రాదు సార్" అన్నాను. "అటెండర్ చేయకపోతే ఎవరు చేస్తారమ్మా?" అన్నారు. మా మేడం ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, మళ్లీ కుప్ప మీదే పెట్టేసింది. అంతసేపు పందెం ఆడిన పిల్లలు కూడా తలలు దించుకున్నారు. తీయడం వేరు, చింపడం వేరు అని అప్పుడు వాళ్లకు తెలిసింది.

"నేను చింపుత సార్" అని ఒక గొంతు వినబడింది. చూస్తే ఆ అడవి దిక్కు పిల్లే.

నిన్న పుస్తకాలు చూస్తూ బువ్వ మరిచిన పిల్లేనా ఈమె? తనకు దక్కనిది ఎవరికీ దక్కొద్దనా? ఆమె నేల మీద కూర్చుని, ఒక స్కేలు తీసుకుని, పేజీ మొదట్లో ఒత్తి పెట్టి, ఒక్కొక్క పేజీ మెల్లగా లాగింది. సారు అందరికీ చూపించారు. "చూశారా, నేర్చుకోవడం అంటే ఇది" అని చప్పట్లు కొట్టించారు.

నేను ఆమె పక్క నుంచి పోతూ, "నీకు చెయ్యెట్ల వచ్చిందే?" అన్నాను. ఆమె ఇంకో పేజీ లాగింది.

సాయంత్రం ట్రాలీ ఆటోలో అన్నీ వేసి పంపించారు. నేను వెనక వరండాలో గ్లాసులు కడుగుతుంటే ఆమె వచ్చింది.

"పెద్దమ్మా, గా కాయితాల దుకాణం యాడుంటది?"

"ఎందుకు, ఇంక మిగిలినయి గూడ చింపుతవా?"

"సార్ ఏమన్నడు? రద్దయినంక పుస్తకాలు కావు, కాయితమే అన్నడు గద. దుకాణంల కాయితం ఎవలైనా తెచ్చుకోవచ్చు గద. చింపకుంటె ఏమైతుండె? పర్మిషన్ అనుకుంట రూముల ఏసి తాళం పెడుదురు. చెదలు తినేదాక ఆడనే ఉంటుండె."

నేను గ్లాసు కింద పెట్టాను. "ఓసి నీ..." అన్నాను.

"మీ కుట్టు ఒక్కటి గూడ తెగలే పెద్దమ్మా. కావాల్నంటె చూడుండ్రి. గందుకే స్కేలు పెట్టిన."

ఆ దుకాణం సేటు నాకు తెలిసినవాడే. మా పాత పేపర్లు తూకానికి వేసేది ఆయన దగ్గరే. ఇద్దరం పోయాం. కుప్ప ఒక మూలన పడి ఉంది. సంగతి చెబితే సేటు నోరు తెరిచి చూశాడు.

"పొద్దుందాక చింపి పంపిండ్లు, ఇప్పుడు కావాల్నంటాండ్లు. మీ లైబ్రరోల్లకు ఏం పని లేదానమ్మా?"

"పనుండే ఈ తిప్పలు సేటు. ఎట్లిస్తవ్ చెప్పు."

"నాకు బుక్కైతేంది, పేపరైతేంది. కాయితం తీస్కపోతే కాయితమే తేవాలె. తూకానికి తూకం. రేపు పగటికల్లా లారీ వస్తది, గంతవరకే."

అప్పుడు నేను ఆ పిల్లను చూశాను, ఆమె నన్ను చూసింది. నిన్న సారు చెప్పిన మూడో దారి ఇదే కదా, ఒకటిచ్చి ఇంకోటి తెచ్చుకోవడం.

ఆ సాయంత్రం కాశిబుగ్గలో నేను తొక్కని గడప లేదు. పాత పేపర్లు ఇవ్వమని అడిగాను. నేత ఇళ్లవాళ్లు చీరల మడతల్లో పెట్టుకునేవి కూడా తీసి ఇచ్చారు. మూల మీది కిరాణం దుకాణం ఆమె మాత్రం, "పేపర్లన్ని నీకిస్తే పొట్లాలు దేంట్ల కట్టాలె అక్కా, నీ కొంగుల కడదునా?" అంది. తిట్టుకుంటూనే ఒక కట్ట విసిరింది. ఆ పిల్ల ట్రైనింగు వాళ్లందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. పొద్దున చూస్తే, పందెం గెలిచిన బ్యాచ్ పిల్లలే అందరికంటే పెద్ద మూటలు మోసుకొచ్చారు. సేటు కాంటా మీద పేపర్లు ఒకవైపు, పుస్తకాలు ఒకవైపు. ఆయన తిట్టుకుంటూనే తూచాడు. చివర్లో పేపర్లు తక్కువ పడితే చెయ్యి ఊపి, "తీస్కపోండ్రి, నా తలకాయ నొస్తాంది" అన్నాడు.

ఆ మూటలు హన్మకొండ బస్టాండులో బస్సు ఎక్కించేటప్పుడు నాకు సంతోషం ఎంత ఉందో, కోపం అంతకంటే ఎక్కువ ఉంది. ఇప్పటికీ ఉంది. ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి పుస్తకం పోవాలంటే చిత్తు కాగితాల దుకాణం మీదుగా పోవాలా? మధ్యలో దాని ముఖం చింపాలా? ఆ దారి వేసినవాళ్లు ఎవరో, వాళ్లు ఎన్నడైనా ఒక పుస్తకం కోసం వరసలో నిలబడ్డారో లేదో నాకు తెలియదు.

కొన్నాళ్లకు సెలవు పెట్టి, దబ్బనం, దారం పట్టుకుని ఆ ఊరికి పోయాను. చింపిన చోట తెల్ల కాగితం పెట్టి కుట్టాలి కదా. నేను కుడుతుంటే ఆ పిల్ల దాని మీద పుస్తకం పేరు గుండ్రంగా రాసేది. అన్నిటినీ గిఫ్టు కింద లెక్కలో ఎక్కించింది. జనం మా చుట్టూ కూర్చుని, జిగురు ఆరకముందే చేతిలోంచి తీసుకునేవాళ్లు. ఆ గది గోడ అవతల జాతర గుంజలు అప్పటికే తెచ్చి కుప్ప పోశారు. తాళం ఎప్పుడు తీస్తారా అని అవి చూస్తున్నట్టుండేవి.

తనిఖీకి మనిషి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. జీపు దిగింది ఎవరో కాదు, ట్రైనింగు సారే. నన్ను చూసి ఆగారు. బీరువా చూశారు. పుస్తకం వీపు మీద నా గుడ్డ ముక్క గుర్తుపట్టారు.

"ఇవి వరంగల్‌లో రద్దు చేసినవి కదా?"

"అవ్ సార్," అంది ఆ పిల్ల. "కాయితం తెచ్చుకున్నం. మీరే చెప్పిండ్లు గద, కొనుడు, గిఫ్టు, మార్పిడి అని."

ఆయన నవ్వారు. అంగన్‌వాడీ ఆయా ఒకామె మందుల చెట్ల పుస్తకం పట్టుకుని కూర్చుంది. సారు అది ఇవ్వమని చేయి చాపితే, "జర ఆగుండ్రి సార్, గీ పేజీ అయిపోనియ్యుండ్రి" అంది. సారు చేయి వెనక్కి తీసుకుని నిలబడ్డారు. పేజీ అయ్యాకే ఆమె ఇచ్చింది.

ఆయన కాగితం తీసి, ఈ గదిని గ్రంథాలయానికే ఉంచవచ్చు అని రాశారు. నేను ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోలేదు.

"సార్, కుట్టు పడ్డయి చెడిపోయినయ్ అన్నరు గద?"

"అక్కడికి అవి చెడిపోయినవే అమ్మా," అన్నారు, చాలా ప్రేమగా. "ఇక్కడివాళ్లకు సరిపోతాయి."

నా దబ్బనం చేతిలో అట్లనే ఉంది. ఆ మాట ఆయన మంచిగానే అన్నారు, మేలు చేస్తున్నట్టుగా అన్నారు. అందుకే ఇంకా ఎక్కువ కాలింది.

ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా గొంతు పెంచని ఆ పిల్ల లేచింది. సంతకం ఇంకా కాలేదు. పెన్ను ఆయన చేతిలోనే ఉంది. కూర్చోవే బిడ్డా, గది పోతుంది అని నేను ఆమె కొంగు లాగాను. కూర్చోలేదు.

"సార్, చెడిపోయినయి అయితే మాకు గూడ వద్దు. తీస్కపోండ్రి. ఇక్కడోల్లకు సరిపోతయని తెచ్చుకోలే. బాగున్నయనే తెచ్చుకున్నం."

గదిలో ఉన్నవాళ్లంతా పుస్తకాలు దించి ఆయన్ను చూశారు. ఆయా కూడా చూసింది.

"సరే అమ్మా. బాగున్నాయి" అని సారు సంతకం చేసి, పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకోబోయారు.

"గా మాట గూడ రాయుండ్రి సార్."

"ఏది?"

"పుస్తకాలు బాగున్నయని."

ఆయన ఆమెను చూశారు, నన్ను చూశారు. మళ్లీ పెన్ను మూత తీశారు.